పదోవంతు దగ్గర ఆగిన కేజ్

మొన్న ఆదివారం ఉదయం మా మనుమరాలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఎవరో తనను నిలువునా మోసం చేసినంత కోపంతో నన్ను పిలిచింది. వారమంతా తెల్లవారకముందే మారికుప్పంలో బండెక్కి బెంగళూరు కళాశాలకు పోయి, దీపాలు పెట్టిన తర్వాత ఇల్లు చేరే పిల్ల. ఆదివారమైనా కాస్త పడుకోవమ్మా అంటే వినదు. ఒకటిలో పదోవంతును పదిసార్లు కలిపి, వచ్చినది ఒకటేనా అని కంప్యూటరును అడిగిందట. కాదని జవాబు వచ్చిందట. తెర మీద సున్నా, దాని పక్కన చుక్క, చుక్క వెనుక తొమ్మిదుల బారు. నేను కుర్చీ వీపు పట్టుకుని ఆ బారును చూస్తూ ఉండిపోయాను. కారణం ఆమెకు చెప్పగలిగాను. ఆ తొమ్మిదులు నాకు ఏ మధ్యాహ్నాన్ని గుర్తుచేశాయో మాత్రం చెప్పలేకపోయాను. నా ఈడు వారికి, ముఖ్యంగా ఏదో ఒక గని షాఫ్ట్ నీడలో పుట్టి పెరిగిన వారికి, అది చెప్పుకుంటే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

మా తాతలు పుంగనూరు పక్క పల్లె నుంచి కరువుకు తాళలేక వచ్చి ఇక్కడి బంగారు గనుల లైన్ ఇళ్ళలో దిగినవారు. ముందొక గది, వెనకొక గది. మన గోడకు మేకు కొడితే పక్కింటి గోడ మీది పటం ఊగేది. చదువుకున్నవాడికి పై పని, చదువు లేనివాడికి కింది పని; ఆ రెండూ కాక మూడో దారి ఒకటి ఉంటుందని మా వాడలో ఏ తల్లీ పిల్లలకు చెప్పిన గుర్తు లేదు. నేను డిప్లొమా ముగించి గని సిగ్నళ్ళ విభాగంలో చేరినప్పుడు, ఎట్లాగో నా కొడుకు వెలుతురులో బతుకుతాడని మా అమ్మ ఊరంతా చెప్పుకుంది. సిగ్నళ్ళు చూసేవాడు సగం రోజు భూమి కిందనే ఉండాలన్న సంగతి ఆమెకు చెప్పే ధైర్యం నాకు చాలాకాలం రాలేదు.

షాఫ్ట్ అంటే నిట్టనిలువుగా తవ్విన బావి. అందులో మనుషులను దించే ఇనుప బోనును మేము కేజ్ అనేవాళ్ళం. కేజ్ ఆగే ప్రతి లోతులోనూ బండను తొలిచిన ఒక స్టేషను, దానికొక ఇనుప గేటు, గేటు దగ్గర పైకి గంట కొట్టి సైగ పంపే ఒక బెల్‌మ్యాన్, గోడకు ఒక ఫోను. పైన ఇంజను ఇంట్లో కూర్చున్న డ్రైవరుకు కిందిది ఏదీ కనిపించదు. అతడు తాడు చుట్టుకునే పెద్ద డ్రమ్ము అంచున, ఒక్కొక్క స్టేషనుకు ఒక్కొక్క సుద్దగీత గీసుకుని, ఆ గీత ముల్లుకు ఎదురుగా రాగానే బ్రేకు వేసేవాడు. గీత వేలెడు వెడల్పు ఉండేది. ఇంతమంది ప్రాణాలు సుద్దముక్క మీద ఆధారపడటమేమిటని, ప్రతిదీ కొలత ప్రకారం ఉండాలనుకునే నాకు ఆ రోజుల్లో చాలా చిరాకుగా ఉండేది.

ఆ చిరాకు మా బావకు, అంటే మా అక్క భర్తకు, తెలుసు. మా విభాగంలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు ముందు కూర్చునేది ఆయనే. తాడు నడిచే చక్రానికి ఒక మీట అమర్చి, చక్రం కొంత తిరిగినప్పుడల్లా లోతుకు అంత కలుపుతూ, కేజ్ ఏ స్టేషనుకు చేరిందో లెక్కగట్టే ఏర్పాటు చేశాడు. లెక్క స్టేషను లోతుతో సరిసమానమైతేనే ఆ స్టేషను గేటు తాళం విడుతుంది, ఎర్రదీపం పోయి పచ్చదీపం వస్తుంది. కేజ్ ఒకసారి ఆగిందంటే, ఏదో ఒక స్టేషను చేరిందని తేలి గేటు తెరిచి మూసేదాకా, మోటారు మళ్ళీ కదలదు. నడిమధ్యలో ఎవరూ తొందరపడి అడుగు బయట పెట్టకూడదని చేసిన ఏర్పాటు అది. తాళాలు నా బాధ్యత, లెక్క ఆయన బాధ్యత. మొదట అర మీటరు చొప్పున కలిపించాడు. వారాల తరబడి ఒక్క తప్పూ రాలేదు. తర్వాత మా పెద్దసారు వచ్చి చూసి, అర మీటరంటే మనిషి మోకాలెత్తు, అది ఒక కొలతేనా, మీటరులో పదోవంతు చొప్పున లెక్కించండి అన్నారు. ఆ మాట నాకెంతో సబబుగా తోచింది. బావ మార్చాడు. పరీక్ష కోసం షాఫ్ట్ పని ఆపడం పెద్దసారుకు ఇష్టం లేకపోయింది గనుక, బల్ల మీద చిన్న చక్రం పెట్టి చేత్తో తిప్పి, నాలుగైదు పదోవంతులు లెక్కపెట్టించి చూశారు. సరిగ్గానే వచ్చింది.

ఇక్కడ వరుస తప్పి, మేము తర్వాత తెలుసుకున్నదాన్ని ముందే చెబుతున్నాను. మన ఇళ్ళల్లో రాగులు కొలిచే పాత్రలు గుర్తున్నాయి కదా: సేరు, అర్ధసేరు, పావుసేరు, అరపావు. ప్రతిదీ పై దానిలో సగం. కంప్యూటరు దగ్గర ఉండేవి కూడా అలాంటి సగాల పాత్రలే; ఎంత చిన్నది కావాలన్నా సగంలో సగం, ఆ సగంలో సగం. అర మీటరు దానికి ఒక నిండు పాత్ర, ఎన్నిసార్లు పోసినా తేడా రాదు. పదోవంతును మాత్రం ఆ పాత్రలతో కొలవబోతే అరపావు ఎక్కువవుతుంది, దాని సగం తక్కువవుతుంది, ఆ లోటుకు మరింత చిన్న పాత్ర, దాని లోటుకు ఇంకా చిన్నది; అలా ఎంతకూ తెగదు. కంప్యూటరు ఎక్కడో ఒకచోట విసిగి, ఇంతే పదోవంతు అనుకుని ఆగిపోతుంది. ఒక్కసారి కలిపితే, అటు ఎక్కువైనా ఇటు తక్కువైనా, ఆ తేడా కంటికి ఆనదు. వేలసార్లు కలిపితే పేరుకుంటుంది. బల్ల మీది చక్రం తేడా పేరుకునేంత దూరం తిరగలేదు.

మా చిన్నాయన ఆ షాఫ్ట్‌లోనే కర్రల పని చేసేవాడు. తవ్విన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని అది. ఆవని ఊళ్ళో జరిగే జాతరకు సైకిలు మీద పోయి, దారి పొడుగునా పాడుకుంటూ తిరిగి వచ్చేంత గొంతు ఒకప్పుడు ఆయనది. బండ దుమ్ము ఏళ్ళ తరబడి ఛాతీలో దిగి, ఆ గొంతును ఈలలాగా సన్నం చేసింది. పైకి మార్పించుకో అని డాక్టరు చెప్పినా, కూర్చుని చేసే పని తనకు చేతకాదని రోజులు నెడుతూ వచ్చాడు. గని ఆయనను ఒకవైపు నుంచి తింటూ ఉంటే, ఆయన ఇంకోవైపు నుంచి దాన్నే పట్టుకుని వేలాడుతున్నాడని మా చిన్నమ్మ ఏడ్చేది.

మార్చిన లెక్కతో కేజ్ మొదటిసారి దిగిన మధ్యాహ్నం, తాళాలు చూసుకోవడానికి నేనూ అందులో ఎక్కాను. భుజానికి భుజం తగిలేలా నిలబడ్డ షిఫ్టు జనంలో, నా పక్కనే చిన్నాయన. ఆ షాఫ్ట్ గుండా గాలి కిందినుంచి పైకి వచ్చేది. సొరంగాలన్నీ తిరిగి, తడిసి, వేడెక్కి, మందు పేలిన వాసనతో వచ్చే గాలి అది. కేజ్ కదులుతున్నప్పుడు పరవాలేదు. ఆగితే ఆవిరి కుండ మీద మూత పెట్టినట్టు ఉండేది.

నాలుగు వందల మీటర్ల స్టేషను దగ్గర కేజ్ చక్కగా, నేలకు నేల సమంగా ఆగింది. ఎదురుగా గోడ మీద మేమే బిగించిన అంకెల బోర్డు నాలుగు వందలు, చుక్క, సున్నా అని స్పష్టంగా చూపుతోంది. దాని కింద దీపం ఎర్రగానే ఉంది. గేటుకు అవతల, చేయి చాస్తే తగిలేంత దగ్గరలో, బెల్‌మ్యాన్ మమ్మల్ని వింతగా చూస్తున్నాడు.

"వచ్చేసినారు కదప్పా, బోర్డు మీద నాలుగు నూర్లు పడిండాది. లైటు యాల మారలేదు?"

"మారేదాకా చూస్తా నిలబడతావా? గేటు తియ్యప్పా, సీక్రం!" అన్నాడు కేజ్ లోంచి ఒక డ్రిల్లు పనివాడు.

"నేను యాడ తీసేది? తాళం పైనోళ్ళ కాడ ఉండాది. నా కాడ ఉండేది టీ ఫ్లాస్కు ఒగటే."

అందరూ నవ్వారు. డ్రిల్లు పనివాడు నా వైపు తిరిగి, "ఏం సార్, మీ మిషనుకు మా మొకాలు నచ్చలేదా?" అన్నాడు. నేనూ నవ్వాననే గుర్తు. బెల్‌మ్యాన్ ఫోను తిప్పి, పైన ఉన్న మా బావతో మాట్లాడి, మొహం అదోలా పెట్టుకుని తిరిగొచ్చాడు.

"పైన కూడా నాలుగు నూర్లే చూపిస్తా ఉండాదంట. మీరు వచ్చేసినారంట. ఇంగ దిగి పనికి పొమ్మంటా ఉండాడు."

ఈసారి నవ్వు అంత బలంగా రాలేదు. పైకి లాగమన్నాం. మోటారు కదలదని జవాబు. కిందికైనా దించమన్నాం. అదీ కుదరదు. మేము చేరామని యంత్రం ఒప్పుకోదు, ఒప్పుకునేదాకా ఎటూ కదలనివ్వదు. బెల్‌మ్యాన్ గునపం తెచ్చి గేటు సందులో దూర్చి ఒరగబడ్డాడు, లోపలివాళ్ళు భుజాలతో నెట్టారు. బండలోకి దిగేసిన ఇనుము. దాని గట్టితనాన్ని పరీక్షించి సరే అన్నవాణ్ణి నేనే గనుక, అది కదలదని అందరికంటే ముందు నాకు తెలుసు. కాలు కదిపితే పక్కవాడి కాలు తగిలే చోటు. చొక్కాలు వీపులకు అతుక్కుపోయాయి. నవ్వులు ఆగిన తర్వాత ఆ కేజ్‌లో ఒక శబ్దం మాత్రం మిగిలింది. అది చిన్నాయన ఊపిరి.

ఆయనకు కూర్చునే చోటు చేశాం. కూర్చుంటే ఊపిరి ఇంకా ఆడదని చేత్తో సైగ చేసి, కేజ్ కడ్డీని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. ప్రతి ఊపిరికీ మెడ పక్కన నరాలు తాళ్ళలా లేచేవి. పెదవుల రంగు మారడం నా హెల్మెట్ దీపపు వెలుతురులో చూశాను. బెల్‌మ్యాన్ గేటు సందులోంచి ఫ్లాస్కు మూతలో టీ అందించబోయాడు, చిన్నాయన మింగలేకపోయాడు. అవతల స్టేషనులో, ఇంకో షాఫ్ట్ గుండా వచ్చే మంచి గాలి ఉంది. అది ఆయన మొహానికి జానెడు దూరంలో, ఒక గేటుకు ఆవల, ఊరికే పారిపోతూ ఉంది.

ఈలోగా పైన బావ, తెర మీద చూపే అంకెలు గుండ్రంగా చేసినవని గుర్తొచ్చి, లోపలున్న అసలు అంకెను పూర్తిగా రాయించాడు. నాలుగు వందల వెనుక ఇంకా చిల్లర ఉంది. అదంతా కలిపితే వేలెడు మందం. ఆ వేలెడు కోసం యంత్రం మమ్మల్ని దాటిపోయినవాళ్ళుగా లెక్కగట్టి, రాని స్టేషను కోసం కాచుకుని కూర్చుంది. లెక్కను దిద్దాలంటే సమయం పడుతుంది. ఆపి మళ్ళీ వేస్తే మాత్రం మోటారు వెంటనే విడుదలవుతుంది. బెల్‌మ్యాన్ ఈ మాట మోసుకొచ్చాడు.

"మిషను ఆపి మళ్ళా ఏస్తారంట. ఏస్తే సున్నా నుంచి మొదలుపెడతాదంట. సరేనా అని నిన్ను అడగమన్నాడు."

కేజ్ మొత్తం ఒక్కసారిగా సరే అంది. నేను మాత్రం అనలేకపోయాను. సున్నా అంటే పై గేటు. లెక్క సున్నా అయిన క్షణాన, కేజ్ పైనే ఉందని నమ్మి, యంత్రం పై గేటు తాళం విప్పుతుంది. గేటు వెనుక కేజ్ ఉండదు, నాలుగు వందల మీటర్ల ఖాళీ ఉంటుంది. కేజ్ ఇరుక్కుందని తెలిస్తే మా వాడ జనం ఎక్కడ గుమికూడతారో నాకు బాగా తెలుసు: ఆ గేటుకు ఆనుకునే. మా మీద బెంగ ఎంత పెరిగితే అక్కడ తోపులాట అంత పెరుగుతుంది.

"వద్దని చెప్పు. ముందు పై గేటు కాడి జనాన్ని వెనక్కి పంపి, అడ్డంగా గొలుసు కట్టమని చెప్పు. కట్టినామని చెప్పినాకే ఆపాల."

"పైనోళ్ళ సంగతి నీకెందుకయ్యా? నీ చిన్నాయన్ను చూడు ఇక్కడ!" డ్రిల్లు పనివాడి గొంతులో ఇందాకటి పరిహాసం లేదు. అతడు నా చొక్కా పట్టుకున్నాడు. నేను విడిపించుకోలేదు. నా నోటి నుంచి ఒక్క మాట వస్తే ఆ మనిషికి గాలి దొరుకుతుంది, ఆ మాట అనకూడదు. జీవితంలో ఎన్నో ఇరుకు చోట్ల నిలబడ్డాను గానీ, అంత ఇరుకైన చోటు మళ్ళీ నాకు తగల్లేదు.

ఫోను మళ్ళీ మోగింది. బెల్‌మ్యాన్ విని, మెల్లగా చెప్పాడు. జనాన్ని జరిపారు. ఒక్కామె మాత్రం గేటు కడ్డీలు పట్టుకుని వదలడం లేదు. నా మొగుడు కిందుండంగా నేను యాడికి పోవాల అంటోందట. లాగబోతే కరుస్తోందట. ఆమె మా చిన్నమ్మ.

చిన్నాయన విన్నాడు. అంతవరకు మూసుకున్న కళ్ళు తెరిచాడు. ఒక ఊపిరి తీసి, అది చాలక ఇంకొకటి తీసి, దాచుకున్నదంతా ఒక్క మాటకే ఖర్చుపెట్టినట్టు, గేటు వైపు వంగి అన్నాడు.

"ఎనక్కి పో అన్నానని చెప్పు. నేను... వస్తా ఉండానని చెప్పు."

ఆ తర్వాత ఆయన చేతులు కడ్డీని వదిలేశాయి. నేనూ డ్రిల్లు పనివాడూ చెరొక చంక కింద చేయి వేసి నిలబెట్టాం. మా ఇద్దరి మధ్య ఇంక తగాదా లేదు. గేటు అవతల బెల్‌మ్యాన్ ఫోనులోకి ఆ మాటలను, ఆయన అన్న తీరులోనే, మధ్యలో ఆగుతూ చెప్పడం వినబడింది. పైన ఏం జరిగిందో మాకు కనిపించదు. పెదవులు కదుపుతూ దేవుణ్ణి తలుచుకున్నవారు కొందరు, గేటును చూస్తూ ఉండిపోయినవారు కొందరు. ఎంతకూ జవాబు రాలేదు. వచ్చినప్పుడు అది ఫోనులో రాలేదు. నెత్తి మీద తాడు బిగుసుకున్న చప్పుడుగా వచ్చింది.

ఏం జరిగిందో బావ తర్వాత చెప్పాడు. ఆ మాట చెప్పగానే చిన్నమ్మ గేటు వదిలి, ఎవరి సాయమూ లేకుండా వెనక్కి నడిచి, గొలుసుకు ఇవతల నేల మీద కూర్చుందట. యంత్రాన్ని ఆపి వేయగానే, నేను భయపడినట్టే, పై గేటు గడియ తనంతట తాను పక్కకు జరిగిందట. తెరుచుకున్న గేటు వెనుక చీకటిని చూసి జనం ఇంకో అడుగు వెనక్కి వేశారట. డ్రైవరు అంకెలను చూడటం మానేసి, తన సుద్దగీతలను చూసుకుంటూ మమ్మల్ని పైకి తెచ్చాడు.

వెలుతురులోకి రాగానే చిన్నాయనను దుంగల మీద కూర్చోబెట్టాం. ఊపిరి ఒక్కొక్కటే, ముక్కలు ముక్కలుగా తిరిగి వచ్చింది. చిన్నమ్మ ఎదురుగా నిలబడి, ఏడుపు ఆపుకోవడానికి ఆమెకు తెలిసిన ఒకే ఒక్క దారి పట్టుకుంది.

"నన్నే ఎనక్కి పొమ్మంటావా? ఇంటికి రా, చెప్తా నీకు."

చిన్నాయన నవ్వబోయి దగ్గాడు. ఆసుపత్రి బండి వచ్చేదాకా ఆయన ఆమె చెయ్యి వదల్లేదు.

ఆయన మళ్ళీ కిందికి దిగలేదు. దీపాలు ఇచ్చి పుచ్చుకునే గదిలో కూర్చోబెట్టారు. కూర్చునే పని చేతకాదన్న మనిషి, కిటికీ పక్క బల్ల మీద రోజంతా కూర్చుని, షిఫ్టు నుంచి పైకి వచ్చిన ప్రతివాడి మొహాన్నీ చూసి, దీపం అందుకుని, వచ్చినావా అప్పా అని అడిగేవాడు. ఎదురుగా నిలబడ్డవాణ్ణి వచ్చినావా అని అడగడమేమిటని కొత్తవాళ్ళు నవ్వేవాళ్ళు. కొన్నేళ్ళకు ఆ దుమ్మే ఆయనను తీసుకుపోయింది. బావ తన లెక్కను దిద్దాడు. పదోవంతులు కలపడం మానేసి, చక్రం ఎన్నిసార్లు మీటను తాకిందో పూర్ణసంఖ్యల్లోనే లెక్కించి, స్టేషనుకు వేలెడు అటూ ఇటూ ఉన్నా చేరినట్టే ఒప్పుకోమని యంత్రానికి నేర్పాడు. అది నిర్దోషంగా పనిచేసేది. కానీ పెద్దసారు దాన్ని మళ్ళీ షాఫ్ట్‌లో పెట్టనివ్వలేదు, దాని పేరెత్తనివ్వలేదు. చివరికి మా బావ కూడా బెంగళూరు బండెక్కాడు.

గనులు మూతపడి ఇప్పుడు ఒక తరం దాటింది. సొరంగాల్లోకి నీళ్ళు వచ్చాయి. మేము నిలబడ్డ స్టేషను, దాని కిందివన్నీ ఎప్పుడో మునిగిపోయాయి. ఆ షాఫ్ట్ నోటిని కాంక్రీటు పలకతో మూసేశారు. గాలి వీచిన సాయంత్రాలు, బంగారం తీసేసి పోసిన సైనైడ్ దిబ్బల బూడిద లేచి వాడ మీద పడుతుంది, జనం కిటికీలు మూసుకుంటారు. నేను మాత్రం అటు నడిచిపోయి ఆ పలక దగ్గర కాసేపు నిలబడతాను. ఒకప్పుడు అక్కడ నిలబడితే కాళ్ళ కింద తాడు కదలడం తెలిసేది, గంట మోగేది, వేడి గాలి మొహానికి కొట్టేది. ఇప్పుడేమీ లేదు. కింద ఎవరూ లేరు, పైకి రావలసినవారు ఇంక ఒక్కరూ లేరు. మా వాడలో ఏ ఇల్లాలూ గేటు కడ్డీలు పట్టుకుని నిలబడనక్కర్లేదు. ఆ మాటకు నా వంటివాడి మనసు తేలికపడాలి. ఎందుకో తేలికపడదు; అంత జనం కోసం కాచుకున్న చోట ఇక ఎవరి కోసమూ కాచుకోనక్కర్లేకపోవడం కూడా ఒక ఇరుకేనని, ఈ వయసులో, అక్కడ నిలబడ్డప్పుడల్లా నాకు అనిపిస్తుంది.